నీడల నగరం, నాలుగో భాగం

అన్నకు పోలీసు ఉద్యోగం వచ్చిన ఏడాదే నేను నవల మొదలుపెట్టాను. నాకప్పుడు పదిహేనేళ్లు, పదో తరగతి. సిద్దిపేటలో పాత బస్టాండు వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. బాపు దర్జీ. అవ్వ బీడీలు చుట్టేది. అటువంటి ఇంట్లో కూర్చుని ఒక పిల్ల నవల రాస్తోందంటే ఎవరైనా నవ్వుతారు, నేనే మొదట నవ్వుకున్నాను. అయినా రాశాను.

మా వంశంలో గవర్నమెంటు జీతం తీసుకున్న మొదటి మనిషి మా అన్న. ఖాకీ బట్ట చేతికిస్తే బాపు తనే కుట్టాడు. ఊళ్లో ఎన్ని వందల చొక్కాలు కుట్టాడో, కొడుకు చొక్కా భుజం దగ్గర మాత్రం మూడుసార్లు విప్పి మూడుసార్లు కుట్టాడు. చేరిన రోజే చెప్పారట, రెండేళ్లు ప్రొబేషన్, ఈలోపు ఒక్క రిమార్కు పడ్డా ఇంటికి పంపించేస్తారని. రిమార్కు అంటే ఏమిటో అవ్వకు తెలియదు. అయినా దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా నా కొడుక్కు రిమార్కు రావద్దని మొక్కేది.

అన్నను ఊళ్లోనే ఒక ఆఫీసు దగ్గర గార్డు డ్యూటీలో వేశారు. ఏ ఆఫీసో చెప్పను. ఒక జమేదారు, ఆయన కింద మా అన్నతో కలిపి ముగ్గురు జవాన్లు. జమేదారంటే హెడ్ కానిస్టేబులే, మా వైపు పాత మాట అది. ఒక్కో జవాను రెండు గంటలు తుపాకీ పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి, తర్వాత నాలుగు గంటలు విశ్రాంతి, మళ్లీ రెండు గంటలు. ఆ రోజులు ఎటువంటివంటే, అడవిలోని దళాలవాళ్లు కాపలా వాళ్ల దగ్గర తుపాకులు ఎత్తుకుపోయారన్న వార్త పేపర్లో ఎప్పుడూ ఏదో ఒక మూల ఉండేది. పొద్దు గూకితే ఆడవాళ్ల కంటే పోలీసులే తొందరగా ఇళ్లు చేరేవాళ్లు.

కానీ మా ఇంట్లో ఆ డ్యూటీ ఒక వేడుక. అన్నకు నోరు ఊరుకోదు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాడంటే పీట మీద కూర్చోకముందే మొదలు. ఇయ్యాల ఏమైంది బిడ్డా అని అవ్వ అడిగేది, అది ఆమె రోజూ వేసే మొదటి ముద్ద. అన్న లేచి నిలబడి, గరిటెను తుపాకీలా భుజాన పెట్టి, ఒక్కొక్కరినీ చేసి చూపించేవాడు. మధ్యాహ్నం తిన్నాక జమేదారు బెంచీ మీద ఎలా వాలిపోతాడో, నోరు తెరుచుకుని గురక పెడుతుంటే ఈగ ఎలా లోపలికీ బయటికీ తిరుగుతుందో చూపించేవాడు. ఒకటి నుంచి రెండింటి దాకా ఒక జవాను అన్నానికి ఇంటికి పోతాడనీ, ఇంకొకడు వెనక బావి దగ్గర బట్టలు ఉతుక్కుంటాడనీ, ఆ గంటలో నలుగురిలో కాపలా ఉండేది తనొక్కడేననీ గొప్పగా చెప్పుకునేవాడు. తుపాకుల పెట్టె తాళంచెవి ఎక్కడ తగిలిస్తారో కూడా చెప్పాడు. లోపలి గోడ మీద దేవుడి పటం వెనక. బాపు నవ్వి నవ్వి దగ్గేవాడు. నేను నవ్వుతూనే గుర్తు పెట్టుకునేదాన్ని.

నా నవల ఒక నగరం గురించి. చుట్టూ కోట, లోపలికి పోయే వాకిళ్లుగా నాలుగు గవనులు. ఆ నగరంలోకి రావాలంటే ఎవరైనా సరే గవని దగ్గర తమ నీడను విప్పి కావలివాడికి అప్పగించాలి. నీడలన్నీ మడిచి ఒక కొట్టులో దాస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు ఎవరి నీడ వాళ్లకు ఇచ్చేస్తారు. తూర్పు గవనికి ఒక కొత్త కావలివాడు వస్తాడు, పద్దెనిమిదేళ్లవాడు. మొదటి రోజే తొందరలో ఒక గొర్లకాపరి నీడను ఒక సేనాపతికి ఇచ్చేస్తాడు. సేనాపతి ఎండలో నడుస్తుంటే వెనక గొర్రెల మంద నీడ కూడా నడుస్తుంది. అక్కడి నుంచి కష్టాలు.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు, నా కథ నాకు విపరీతంగా నచ్చేది. క్లాసులో ఆరుగురు ఆడపిల్లలం చదివేవాళ్లం. ఒక్కటే ప్రతి కదా, అందరికీ ఎలా? అందుకని పదహారు కాగితాలు అయ్యేసరికి బాపు దగ్గరి దారంతో విడిగా కుట్టేదాన్ని. ఒకరు మొదటి భాగం చదువుతుంటే ఇంకొకరు రెండోది. ఇళ్లలో పట్టుబడకుండా ప్రతి భాగానికీ పేపరు అట్ట వేసి, మీద ఒక పాఠం పేరున్న లేబుల్ అంటించేదాన్ని. ఒకటి తెలుగు, ఒకటి సామాన్య శాస్త్రం. నాలుగో భాగంలో నగర పటం గీశాను కాబట్టి దానికి సాంఘిక శాస్త్రమని పెట్టాను. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

ఆ నాలుగో భాగమే మా అన్న చెప్పిన ఆఫీసు. ఉన్నది ఉన్నట్టు దింపాను. తూర్పు గవని దగ్గరి కావలివాళ్ల పెద్ద ముసలివాడు, మిట్టమధ్యాహ్నం భోజనం చేసి నోరు తెరుచుకుని నిద్రపోతాడు. ఒక కావలివాడు ఇంటికి పోతాడు, ఒకడు బావి దగ్గర. నీడల కొట్టు తాళంచెవి దేవుడి పటం వెనక. పటంలో గేటు పక్కన వేపచెట్టు, వెనక కూలిన గోడ, బావి, ఎదురుగా దినుసుల అంగడి, అన్నీ వేశాను. ఏ సమయానికి ఎవరు ఎక్కడ ఉంటారో పటం అంచున వరసగా రాశాను. కథ నిజంలా ఉండాలని నా తాపత్రయం. డ్రాయింగు పుస్తకంలోంచి మందపాటి కాగితం చింపి మరీ గీశాను. అది గీస్తున్నప్పుడు ఇది ఇంకెవరి చేతిలోనైనా పడితే ఏమిటన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఇంట్లో అందరం అంతే. అన్న చెప్పేది మాకు కథ, వినేది మేము ముగ్గురం, నాలుగో చెవి లేదు.

పరీక్షలు అయిపోయాయి. ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం అన్న డ్యూటీ నుంచి వచ్చి ఎప్పటిలా మొదలుపెట్టలేదు. కాళ్లు కడుక్కుని, గార్డు సంగతులు బయట ఎవరితోనూ మాట్లాడొద్దని పైనుంచి కొత్తగా ఆర్డరు వచ్చిందని చెప్పాడు. ఎక్కడో ఒక కొత్త జవాను చాయ్ హోటల్లో కూర్చుని డ్యూటీ గురించి వాగితే ఉద్యోగం నుంచి తీసేశారట, మొన్ననే. చెప్పి, మనం బయటోళ్లమా ఏంది అని తనే నవ్వి, జమేదారు ఆ ఆర్డరు చదువుతూ చదువుతూ ఎలా కునికాడో చేసి చూపించాడు.

నాకు నవ్వు రాలేదు. నాలుగో భాగం ఎవరి దగ్గర ఉందో లెక్క వేసుకుంటున్నాను. ఒకటి, రెండు, మూడు, ఐదు నా పెట్టెలో ఉన్నాయి. నాలుగోది పరీక్షల ముందు నా స్నేహితురాలు తీసుకుంది. వాళ్లది ఆ ఆఫీసు వెనక వీధే.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి పోయాను. పిల్ల లేదు, తొగుటలో అమ్మమ్మ దగ్గరికి పోయిందని వాళ్లమ్మ చెప్పింది. నా సాంఘిక శాస్త్రం నోట్సు ఒకటి తన దగ్గర ఉండిపోయింది, ఇస్తారా అని అడిగాను. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. తలెత్తకుండా చెప్పింది.

"నోట్సులన్నీ మొన్న తూకానికి ఏసిన బిడ్డా. పది అయిపోయె, ఇగ ఎందుకయి? గా ఆఫీసు ఎదురుంగ కిరాణం ఆమె కొన్నది."

పరీక్షలు కాగానే పుస్తకాలు తూకానికి వేయడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. మా అవ్వ కూడా వేసేది. కిరాణం వాళ్లు ఆ కాగితాలను తీగకు గుచ్చి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు చింపి పొట్లాలు కట్టేవాళ్లు. సాంఘిక శాస్త్రమని నా చేత్తో నేనే రాశాను కాబట్టి ఆ తల్లి దాన్ని మిగతా నోట్సులతో కలిపి కట్టేసింది. ఆమె తప్పేముంది? నేను వాకిలి దాటి కొట్టు వైపు నడిచాను. నా పటం పొట్లాలై ఊరంతా పోతోంది. పైగా ఆఫీసు ఎదురుగా ఉన్న కొట్టు నుంచే.

కిరాణం కొట్టు నడిపే ఆమె లావుపాటి మనిషి, ముక్కుకు బేసరి, కళ్లకు అద్దాలు. నేను వెళ్లేసరికి ఎవరికో బెల్లం కడుతోంది. కట్టే కాగితం మీద నా చేతిరాత. సేనాపతి తన నీడ కోసం గవని దగ్గరికి తిరిగొచ్చే చోటు అది, దూరం నుంచే గుర్తుపట్టాను. ఆ బెల్లం కొన్న ముసలాయన పొట్లం సంచిలో వేసుకుని కొండపాక బస్సుకు పోయాడు. నేను అతన్ని ఆపలేకపోయాను. ఏమని ఆపాలి?

కొంగున ఉన్న చిల్లరతో పల్లీలు అడిగాను, కొంచెమే. పొట్లం చూశాను, వేరే ఎవరిదో లెక్కల నోట్సు. పుట్నాలు అడిగాను, మళ్లీ లెక్కలే. జీలకర్ర అడిగితే నా కాగితం వచ్చింది, పటం కాదు. నాలుగోసారి ఉప్పు అడిగేసరికి ఆమె అద్దాల మీదుగా నన్ను చూసింది. ఏం పిల్లవు నువ్వు, అన్నీ ఒక్కసారి చెప్పొచ్చు గదా అంది.

ఇక దాచి లాభం లేదని, తీగకు ఉన్న కాగితాల్లో నా నోట్సు కలిసిపోయింది, ఇచ్చేయమన్నాను. కాగితాలు నీకిస్తే నేను వేటిలో కట్టాలని ఆమె అడిగింది. న్యాయమే. ఉండమని చెప్పి ఇంటికి పరుగెత్తాను. నా పదో తరగతి నోట్సులన్నీ, తొమ్మిదివి కూడా, చేతికి అందినన్ని కట్టగట్టుకుని మోసుకొచ్చి ఆమె ముందు పడేశాను. ఆమె తక్కెడలో వేసి చూసుకుని తృప్తిపడి, తీగ నుంచి నా కాగితాలు ఏరుకొమ్మంది. ఎండ నెత్తి మీదికి వస్తోంది. ఎదురుగా రోడ్డు దాటితే గేటు, గేటు పక్కన వేపచెట్టు. అక్కడ వేరే జవాను నిలబడి ఉన్నాడు. వాడు నన్ను చూస్తున్నాడేమోనని వీపు అటు తిప్పి ఏరాను.

పదకొండు కాగితాలు దొరికాయి. బెల్లానికి పోయింది ఒకటి. జీలకర్రది నా చేతిలో ఉంది. మూడు లేవు, ఆ మూడింటిలో పటం ఒకటి.

కొట్టామె నేను ఏరుతుంటే చూస్తూ, ఆ నీడలు దాచే పిల్లగాడి కథ నువ్వు రాసిందేనా, ఖాళీగా ఉన్నప్పుడు రెండు కాగితాలు చదివాను, బాగుంది అంది. నా జీవితంలో ముక్కూ మొహం తెలియని మనిషి నా రాతను మెచ్చుకోవడం అదే మొదటిసారి. సంతోషించే స్థితిలో లేను. బొమ్మ గీసిన మందపాటి కాగితం ఒకటి ఉండాలి, చూశారా అని అడిగాను.

"గది మంచి గట్టి కాయిదం. చక్కెర పల్చటి కాయిదంల ఆగది గదా, అందుకే చక్కెరకు పెట్టిన. పొద్దుగాల గార్డోళ్లు తీస్కపోయిన్రు, చాయ్‌కు."

గార్డోళ్లంటే ఎదురుగా ఉన్న నలుగురే. మా అన్నా, ఆ ముగ్గురూ.

ఆ పూట ఇంట్లో నేను ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. అవ్వ ముందు చాటలో తునికాకులు పెట్టుకుని కత్తిరిస్తోంది. బాపు దుకాణానికి పోయాడు. అన్న పన్నెండింటి డ్యూటీకని అప్పుడే అన్నం తిని, బెల్టు బిగించుకుని వెళ్లాడు. వెళ్లేటప్పుడు నా జడ లాగాడు. అన్నా, ఆగు అందామని నోటి దాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? అన్నకు విషయం తెలిస్తే అతని మొహంలో కనపడిపోతుంది, దాచుకోవడం అతనికి చేతకాదు. తెలియకపోతే, ఆ పటం జమేదారు చేతిలో ఉంటే, అన్నను నిలబెట్టి అడిగినప్పుడు నిజంగానే ఏమీ తెలియదని చెప్పగలుగుతాడు. ఇంత ఆలోచించాను. ఆలోచించి, దీనికి మందు ఒక్కటే అనుకున్నాను, నేనే పోయి నేనే చేశానని చెప్పడం. కొట్టు దగ్గర నిలబడి రోజూ చూసి రాశాను, మా అన్న ఒక్క ముక్క చెప్పలేదు, అనాలి. ఆ అబద్ధాన్ని దారి పొడుగునా వల్లించుకుంటూ పోయాను.

ఒంటిగంట దాటింది. రోడ్డు మీద కుక్క కూడా లేదు. గేటు దగ్గర అన్న తుపాకీతో నిలబడి ఉన్నాడు. నేను అతన్ని డ్యూటీలో చూడడం అదే మొదలు. ఇంట్లో గరిటె పట్టుకున్న మనిషి కాదు. మొహం బిగించి, కళ్లు నా మీదే పెట్టి, నేను పది అడుగుల దూరంలో ఉండగానే చెయ్యి ఎత్తాడు.

"ఆగు. ఎవరు గావాలె?"

సొంత చెల్లెల్ని అలా అడిగాడు. సెంట్రీలో ఉన్నవాడు కన్నతల్లినైనా అడగాల్సిందేనని ఒకరోజు అతనే చెప్పాడు. జమేదారు సారును కలవాలన్నాను. అన్న కళ్లు ఒక్కసారి బెదిరాయి. ఇంట్లో ఏదో అయిందనుకున్నాడు. పెదవులు కదలకుండా, అవ్వ మంచిగుందా అని అడిగాడు. మంచిగనే ఉంది అన్నాను. బాపు? మంచిగనే. మరి నీకు జమేదారుతో ఏం పని అన్నది అతని మొహం నిండా ఉంది, కానీ అడగలేడు, గేటు వదిలి రాలేడు. మెడ మాత్రం తిప్పి, సార్, ఎవరో కలవడానికి వచ్చారని కేకేశాడు. ఎవరో, అన్నాడు. చెల్లెలని చెప్పలేదు. ఆ మాట నన్ను కాపాడడానికో, తనను కాపాడుకోవడానికో ఇప్పటికీ తెలియదు.

నేను లోపలికి నడుస్తుంటే అన్న చూపు వీపు మీద ఉన్నట్టే ఉంది. వెనక బావి దగ్గర ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. అన్నీ నేను రాసినట్టే ఉన్నాయి, ఒక్కటి తప్ప. జమేదారు నిద్రపోవడం లేదు.

యాభై దాటిన మనిషి. బనియనుతో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద నా పటం. చక్కెర అంటుకుని అక్కడక్కడా మెరుస్తోంది. చేత్తో సాపు చేసినట్టున్నాడు, మడతలు ఇంకా పోలేదు. నన్ను చూశాడు, నా చేతిలో ఉన్న కాగితాల కట్టను చూశాడు. చక్కెర డబ్బాలో పోసి ఖాళీ కాగితం పారేయబోతూ బొమ్మ చూశాడని తర్వాత తెలిసింది. పొద్దున్నుంచీ ఎవరికీ చెప్పకుండా దాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

నేను వల్లించుకున్నదంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. ఇది కథ సార్, నేనే రాశాను, కొట్టు దగ్గర నిలబడి చూసి రాశాను, గేటు దగ్గరున్న మా అన్న ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన చివరి దాకా విన్నాడు. తొందరేమీ లేదు ఆయనకు.

"దేవుని పటం ఎన్క తాళంచెయి ఉన్నదని కొట్టుకాడికెళ్లి కనవడ్తదా బిడ్డా?"

ఈ ఒక్క ప్రశ్న నేను ఎందుకు ఆలోచించలేదో, అంత పెద్ద నవల రాసినదాన్ని. నిలబడ్డచోటే ఏడుపు వచ్చింది. బయట అన్న బూట్ల చప్పుడు, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. లోపల మాటలు అతనికి వినపడుతున్నాయో లేదో. ఈయన ఇప్పుడు లేచి ఫోను దగ్గరికి నడిస్తే అయిపోయింది. బాపు మూడుసార్లు కుట్టిన చొక్కా తిరిగి ఇచ్చేయాలి.

ఆయన లేవలేదు. పటం అంచున ఉన్న రాతను వేలితో చూపించాడు. గవని పెద్ద, ముసలివాడు, భోజనమయ్యాక నిద్ర, అని రాసి ఉంది అక్కడ. ఈ ముసలివాడు తనేనా అని అడిగాడు. అవునన్నాను. కథలో వీడు తర్వాత ఏమవుతాడని అడిగాడు. ఇంకా రాయలేదని చెప్పాను. అది కూడా అబద్ధమే. ఐదో భాగంలో రాసేశాను, అది ఇంట్లో పెట్టెలో ఉంది.

"రాసినవ్. నీ మొకమే చెప్తాంది. చెప్పు, ఏమైతడు?"

"సచ్చిపోతడు సార్. దొంగలొస్తరు. నిద్రలనే పొడుస్తరు."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పొద్దున్నుంచీ ఆయన కూడా అదే ఆలోచిస్తున్నాడని ఆ మొహం చూస్తే అర్థమైంది. దొంగల సంగతి కాదు, ఆ రోజుల్లో నిజంగా వచ్చేవాళ్ల సంగతి. ఈ కాగితం చక్కెరకు కాక ఇంకెవరి చేతికైనా పోయి ఉంటే, ఆ బెంచీ మీద నోరు తెరుచుకుని పడుకున్నవాడు ఆయన, గేటు దగ్గర ఒంటరిగా నిలబడ్డవాడు మా అన్న. మొదట పోయేది అన్నే. ఈ మాట నాకు అంతవరకూ తట్టలేదు. ఉద్యోగం పోతుందనే వణికాను. మనిషి పోతాడని అనుకోలేదు.

ఆయన లేచి చొక్కా తొడుక్కుని బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. దేవుడి పటం వెనక చెయ్యి పెట్టి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. బావి దగ్గరి జవానును పిలిచి గేటు దగ్గర నిలబడమని, అన్నను లోపలికి రమ్మన్నాడు. అన్న వచ్చి మడమలు కలిపి నిలబడ్డాడు. పటం చూశాడు. నా చేతిరాత అతనికి తెలియనిదా. మొహంలో రంగు పోయింది. నన్ను చూడలేదు, ఎదురుగా గోడ వైపే చూస్తూ ఉన్నాడు.

"ఇంట్ల చెప్పుడు నీ తప్పు. డ్యూటీల పండుకునుడు నా తప్పు. రిపోటు రాస్తె రెండూ రాయాలె. నేను రాయ. గనీ రెండూ ఇయ్యాల్టితోటి బందు. సమజైందా?"

అన్న, అయింది సార్ అన్నాడు. జమేదారు అగ్గిపెట్టె గీసి పటాన్ని అక్కడే, చాయ్ కాచుకునే స్టవ్ పక్కన కాల్చేశాడు. చక్కెర మాడిన వాసన వచ్చింది. నా చేతిలోని కాగితాలు కూడా అడిగి తీసుకుని ఆ మంటలోనే వేశాడు. మిగతా రెండు కాగితాలు ఎవరి ఇంట్లో ఏ పొట్లమయ్యాయో తెలియదు. వాటిలో భయపడాల్సిందేమీ లేదు, ఒట్టి కథే.

ఆ సాయంత్రం అన్న ఇంటికి వచ్చేదాకా నేను గడప దగ్గరే కూర్చున్నాను. తిడతాడనుకున్నాను. ఒక దెబ్బ కొట్టినా బాగుండేది. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అవ్వ అన్నం పెడుతూ ఎప్పటిలా అడిగింది. ఏం లేదవ్వా అన్నాడు. అవ్వ ఆగి చూసింది. బాపు నవ్వడానికి సిద్ధంగా మొహం పెట్టుకుని ఉన్నాడు, కాసేపు అలాగే ఉండి, తర్వాత తన కంచంలోకి చూసుకున్నాడు.

ఒంట్లో బాగాలేదేమో అనుకుంది అవ్వ. నాలుగు రోజులు అడిగింది, నెల అడిగింది. ఏం లేదవ్వా. ఏమీ కాలేదవ్వా. తర్వాత ఆమె అడగడం మానేసింది. నా కొడుకు పెద్దోడైండు అని ఇరుగుపొరుగుతో చెప్పుకుంది, కొంచెం గర్వంగా, ఎక్కువ దిగులుగా. నిజం నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే ఆమె పోయింది. బాపూ పోయాడు.

అన్నకు రిమార్కు రాలేదు. ప్రొబేషన్ పూర్తయింది, ప్రమోషన్లు వచ్చాయి, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఎన్ని ఊళ్లు తిరిగాడో, ఎన్ని ప్రమాదాల్లోంచి బయటపడ్డాడో మాకు పేపర్లో వస్తేనే తెలిసేది. వాళ్ల ఆవిడ ఒకసారి నాతో అంది, మీ అన్న చాలా గంభీరం, పుట్టుకతోనే అంతనా అని. నేను తల ఊపాను. ఇంత పిరికిదాన్ని నేను. నవల అక్కడే ఆగిపోయింది. తర్వాత చాలా రాశాను, అచ్చు కూడా అయ్యాయి. మా అన్న గరిటె పట్టుకుని చెప్పినట్టు ఒక్క పేజీ కూడా రాయలేకపోయాను.

అన్న రిటైరైన మర్నాడు వాళ్లింటికి పోయాను. ఇప్పుడు ములుగులో ఇల్లు కట్టుకున్నాడు. ఇద్దరం వరండాలో కూర్చున్నాం, ఎవరూ లేరు. చిన్నప్పటి ఆ రోజు గురించి మేమిద్దరం అంతకుముందు ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. తప్పు నాదే అన్నా, నావల్లే నీ నోరు కట్టుబడిపోయింది అన్నాను. ఇంతకాలానికి ఆ మాట అనగలిగాను. ఇప్పుడు ఏ ఆర్డరూ లేదు, ఏ రిమార్కూ లేదు, ఇన్నేళ్లలో జరిగిందేదైనా ఒక్కటి చెప్పు, వింటాను అని అడిగాను. రాయను, ఒట్టు, ఊరికే వింటాను అన్నాను.

అన్న సర్దుకుని కూర్చున్నాడు. చెప్పాలనే అనుకున్నాడు, అది నాకు కనపడింది. నోరు తెరిచాడు. చేతులు కొంచెం పైకి లేచాయి. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నట్టు చాలాసేపు వాకిలి వైపు చూశాడు. తర్వాత చేతులు మెల్లగా ఒడిలోకి దించుకున్నాడు.

"వస్తలేదు చెల్లె," అన్నాడు. "యాదికి ఉన్నది. చెప్పొస్తలేదు."